అంబులెన్సు కంటే ముందు చేరవలసినది



కిందటి నెలలో ఒక ఆదివారం ఉదయం నలుగురు పెద్దమనుషులు మా ఇంటికి వచ్చారు. పదవీ విరమణకు పూర్వం చాలా ఏళ్లు నేను పనిచేసిన పట్టణం వారిది. విదేశాలలో స్థిరపడిన ఆ ఊరి పిల్లలు రెండు అంబులెన్సులు కొనిస్తామన్నారట. పురపాలక సంఘం ఒక గది ఇస్తానన్నదట. ఇక ఊరికి సొంతంగా ఒక అత్యవసర కాల్ సెంటర్ నెలకొల్పి, దానికొక కొత్త ఫోను నంబరు తీసుకొని, గోడలమీద పెద్ద అక్షరాలతో వ్రాయించాలని వారి సంకల్పం. "డాక్టరుగారూ, తమరు గౌరవాధ్యక్షులుగా ఉండాలి, ప్రారంభోత్సవం నాడు నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. ఉద్దేశం ఉత్తమమైనదే. అయినా నేను వెంటనే సరేననలేకపోయాను. ఎందుకనలేకపోయానో వారికి రెండు గంటలపాటు చెప్పాను. ఇటువంటి సంకల్పం మరికొన్ని ఊళ్లలోనూ ఉన్నట్లు వింటున్నాను గనుక, ఆ మాటలనే ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1993 వానాకాలం. 108 అన్న మాట ఇంకా పుట్టని రోజులు. ఆసుపత్రికి ఒకే ఒక జీపు, ఒకే ఒక ఫోను. రాత్రి పది దాటాక ఎస్.టి.డి. బూతునుంచి ఎవరో ఫోను చేశారు. వార్డుబాయి భోజనానికి వెళ్లినందున నేనే ఎత్తాను. కాన్పు అయిందని, రక్తం ఆగడం లేదని, బండి పంపమని ఆ మనిషి ఏడుస్తూ చెప్పాడు. ఊరి పేరు అడిగాను, చెప్పాడు. లైను తెగిపోయింది. డ్రైవరును లేపి, ఊరి పేరు చెప్పి పంపాను. జీపు పట్టణానికి తూర్పున పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి పోయింది. అక్కడ కాన్పు అయినవారెవరూ లేరు. అదే పేరుతో పడమట, కాలువకు అవతల, మరొక ఊరున్నదని నాకు తెలియదు. డ్రైవరుకు తెలుసు. కాని "డాక్టరుగారు చెప్పారు కదా" అనుకొని అతడు అడగలేదు. చివరకు ఆ తల్లిని బంధువులే ట్రాక్టరు మీద తెచ్చారు. నాడి అందడం లేదు. రక్తం సమకూర్చేలోగా పోయింది. ఇరవై మూడేళ్ల పిల్ల. బిడ్డ బ్రతికింది.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం. ప్రసవానంతర రక్తస్రావానికి ఏమి చేయాలో నిద్రలో అడిగినా చెప్పగలను. కాని "మీ ఊరు ఏ మండలం? కాలువకు ఇవతలా, అవతలా? మీకు ముందు వచ్చే ఊరేది?" అని మూడు ప్రశ్నలు అడగడం మాత్రం నాకెవరూ నేర్పలేదు. ఫోను ఎత్తడం కూడా ఒక విద్య అని నాకు ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు కొత్త నంబరు సంగతి. ఆపదలో తిప్పవలసిన నంబరు ఒక్కటే ఉండాలన్న ఆలోచనకు పెద్ద చరిత్రే ఉన్నది. 1935 నవంబరులో లండన్ నగరంలో వింపోల్ వీధిలో ఒక వైద్యుని ఇల్లు అంటుకొని అయిదుగురు స్త్రీలు మరణించారు. ఎదురింటాయన అగ్నిమాపక దళానికి ఫోను చేయబోతే టెలిఫోను ఎక్స్ఛేంజివారు వరుసలో నిలబెట్టారు. ఆయన ఆగ్రహించి పత్రికకు లేఖ వ్రాశాడు, విచారణ జరిగింది, 1937 జూన్ 30న 999 ప్రారంభమయింది. అమెరికాలో 911కు మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న పట్టణంలో మ్రోగింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 మొదలయింది. ఇప్పుడు అన్ని అవసరాలకూ ఒకే సంఖ్యగా 112 కూడా దేశమంతటా అమలులోకి వచ్చింది. 108 అన్న మూడంకెలు మన పల్లెలలో అక్షరం రాని ముసలమ్మకు కూడా నోటికి వచ్చాయంటే ఇరవై ఏళ్ల ప్రచారం, ఇరవై ఏళ్ల సేవ దాని వెనుక ఉన్నాయి. అర్ధరాత్రి కన్నవారు కళ్లముందు పడిపోతే మనిషికి సొంత నంబరే గుర్తు రాదు. అప్పుడు పదంకెల కొత్త నంబరును గోడమీద వెదుక్కుంటాడా? ఏ నంబరుకు చేయాలో తెలియక రెంటికీ చేస్తే రెండు బండ్లు ఒకే ఇంటికి వస్తాయి. మరొక ఇంటికి ఏదీ రాదు. కనుక కొత్త నంబరు వద్దన్నాను.

నలుగురిలో ఒకాయన విశ్రాంత గణితోపాధ్యాయుడు. "నంబరు సంగతి సరే, మా ఊరివాళ్లే ఫోను ఎత్తితే మేలు కదా" అన్నాడు. ఆయనకు నచ్చే భాషలోనే సమాధానం చెప్పాను. ఏ.కె. ఎర్లాంగ్ అని డెన్మార్కు గణితవేత్త ఒకాయన ఉండేవాడు. కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసేవాడు. ఫోను కాల్స్ తమ ఇష్టం వచ్చినప్పుడు వస్తాయి గనుక, ఇన్ని కాల్స్‌కు ఇంతమంది మనుషులుంటే ఎందరు వేచి ఉండవలసి వస్తుందో వందేళ్ల క్రితమే లెక్క కట్టాడు. ఉదాహరణకు గంటకు సగటున 20 కాల్స్, ఒక్కొక్క కాల్‌కు సగటున 3 నిమిషాలు అనుకోండి. మొత్తం 60 నిమిషాల పని. ఒక్క మనిషి చాలుననిపిస్తుంది. చాలడు. కాల్స్ గుంపుగా వచ్చినప్పుడు పేరుకున్న వరుస ఇక ఎన్నటికీ తరగదు. ఇద్దరిని కూర్చోబెడితే ప్రతి మూడు కాల్స్‌లో ఒకటి వేచి ఉంటుంది. ముగ్గురైతే పదకొండింట ఒకటి. నలుగురైతే దాదాపు యాభయింట ఒకటి.

ఇక్కడే అసలు విశేషమున్నది. ఇలాంటి రెండు ఊళ్లు విడివిడిగా ముగ్గురేసి చొప్పున పెట్టుకుంటే రెండు చోట్లా పదకొండింట ఒకరు ఎదురుచూస్తారు. ఆ ఆరుగురినే ఒక గదిలో కూర్చోబెట్టి రెండు ఊళ్ల కాల్స్‌నూ వారికే ఇస్తే యాభై అయిదింట ఒకరు మాత్రమే ఎదురుచూస్తారు. మనుషులు అంతే, జీతాలు అంతే. మీ పట్టణానికి గంటకు 20 కాల్స్ కూడా రావు, రెండు వస్తాయేమో. ఒక్క మనిషిని పెడితే పాపం అతడు గంటలో 54 నిమిషాలు గోడవంక చూస్తూ కూర్చుంటాడు. అయినా పదింట ఒక కాల్ అతడు మరొకరితో మాట్లాడుతున్నప్పుడే వస్తుంది. గుండె ఆగిన మనిషి ఇంటివారితో పది నిమిషాలు లైనుమీద ఉండవలసివస్తే ఆ పది నిమిషాలూ ఊరంతటికీ ఫోను లేనట్లే. లెక్కల మాస్టారు కాగితం తీసి తానే గుణించి చూసుకొని తల ఊపాడు.

అయితే ఫోను ఎత్తే పని పెద్ద కేంద్రంలో ఉంటే చాలునా? చాలదన్నదే నా అభిప్రాయం. ఈ వ్యవస్థలో పైకి ఒకటిగా కనిపించే పనులు నిజానికి రెండున్నాయి. ఒకరు ఫోను ఎత్తి వివరాలు రాబట్టి, బండి వచ్చేలోపల ఏమి చేయాలో చెబుతారు. మరొకరు ఏ బండి ఎక్కడున్నదో చూసి, ఏ దారిన పోవాలో, రోగిని ఏ ఆసుపత్రికి చేర్చాలో నిర్ణయిస్తారు. ఈ రెండవవారిని డిస్పాచర్ అంటున్నారు. మొదటి పని ఎంత పెద్ద కేంద్రంలో జరిగితే అంత మంచిది. రెండవ పనికి మాత్రం ఊరి మట్టి తెలిసినవారు కావాలి. నా ఉద్దేశంలో జిల్లాకొక డిస్పాచ్ బల్ల, ఆ బల్లదగ్గర ఆ జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి ఇరవై నాలుగు గంటలూ ఉండడం అవసరం. దాతల సొమ్ము, పురపాలక సంఘం గది ఇందుకు వెచ్చిస్తే సార్థకమవుతాయి.

ఊరి మట్టి అంటే ఏమిటో చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఫోను ఎత్తే ఉద్యోగానికి శిక్షణ పొందుతున్న యువతీయువకులకు నన్ను పాఠం చెప్పమన్నారు. అందరూ డిగ్రీ చదివినవారు, చురుకైన పిల్లలు. "పొలంలో మా ఆయనకు పురుగు ముట్టిందండీ" అని ఫోను వస్తే ఏమని వ్రాసుకుంటారని అడిగాను. సగంమంది 'కీటకం కుట్టింది, తొందర లేదు' అని వ్రాశారు. నగరంలో పెరిగిన పిల్లలు, వారి తప్పు కాదు. మన పల్లెలలో పాము పేరు నోటితో అనరు, పురుగు అంటారు. ఆ ఒక్క మాట తెలియక ఆ కాల్ వెనుక వరుసలోకి పోతే, ముట్టినది నాగుపామైతే, మనిషి దక్కడు.

కట్లపాము సంగతి ఇంకా మాయ. వానాకాలంలో నేలమీద పడుకున్నవారిని రాత్రివేళ కరుస్తుంది. నొప్పి దాదాపు తెలియదు, వాపు ఉండదు, గాటు కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తాడు. ఇంటివారు ఫోను చేసి కడుపునొప్పి అనే చెబుతారు. ఫోను ఎత్తిన మనిషి "రాత్రి కింద పడుకున్నాడా? కనురెప్పలు పూర్తిగా ఎత్తగలుగుతున్నాడా? మింగగలుగుతున్నాడా?" అని అడిగితే గుట్టు బయటపడుతుంది. రెప్పలు వాలుతున్నాయంటే ఊపిరి కండరాలు పడిపోవడానికి ఎంతో వ్యవధి లేదు. "నడిపించకండి, బిగించి కట్టకండి, గాటు పెట్టకండి, విరిగిన చేతికి కట్టినట్లు కర్రకట్టి కదలకుండా ఉంచండి" అని చెప్పాలి. బండిని పాము విషానికి విరుగుడు ఇంజెక్షనుతోపాటు వెంటిలేటరు కూడా ఉన్న ఆసుపత్రికే పంపాలి. దగ్గర ఉన్నది కదా అని ఆ రెండూ లేనిచోటికి పంపితే అక్కడినుంచి మరొకచోటికి, ఆపైన ఇంకొకచోటికి తిప్పవలసి వస్తుంది.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. 'ఎగశ్వాస వస్తోంది' అన్నారంటే ఆ రోగి ఊపిరి తీస్తున్నట్లు కాదు. గుండె ఆగిన మనిషి మొదటి నిమిషాలలో అప్పుడొకటి అప్పుడొకటి నోరు తెరచి గాలి మింగుతాడు, గురకవంటి శబ్దం వస్తుంది. "ఊపిరి ఆడుతోందా?" అని అడిగితే ఇంటివారు "ఆడుతోంది" అనే అంటారు. అందుచేత ప్రశ్న మార్చి అడగాలి. పిలిస్తే పలుకుతున్నాడా? మామూలుగా ఊపిరి తీస్తున్నాడా? రెంటికీ కాదని వస్తే మరొక ప్రశ్న అనవసరం. బండిని పంపుతూనే ఛాతీ నొక్కించడం మొదలుపెట్టాలి. రొమ్ము మధ్యభాగంలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి ఉంచి, పెద్దవారికి కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఫోనులోని మనిషి "ఒకటి, రెండు, మూడు" అని గట్టిగా లెక్కపెడుతూ ఉంటే ఇవతల కోడలో, పక్కింటి కుర్రవాడో నొక్కుతారు. అమెరికాలోని సియాటెల్ ప్రాంతంవారు 1980ల నుంచీ దీన్ని పద్ధతిగా చేస్తున్నారు. గుండె కొట్టుకోవడం గాడి తప్పి ఆగిన రోగికి ఛాతీ నొక్కేవారు లేకపోతే, బ్రతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున తరిగిపోతుందని వైద్యశాస్త్రం లెక్క. పది నిమిషాలలో బండి వచ్చిందని మనం సంతోషించవచ్చు. ఆ పది నిమిషాలూ ఎవరూ ఛాతీ నొక్కకపోతే బండి వచ్చేది శవం దగ్గరికే.

పురుగుల మందు తాగినవారి ఇంటినుంచి కాల్ వస్తే మనవారు అప్పటికే ఉప్పునీళ్లో, పేడనీళ్లో పట్టిస్తుంటారు. "వాంతి చేయించకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మందు పడిన బట్టలు తీసివేయండి, ఆ డబ్బాను బండిలో వెంట తెండి" అన్న నాలుగు మాటలు వెంటనే చెప్పాలి. కాన్పు ఇంట్లోనే అయి 'మాయ పడలేదు' అంటే బొడ్డుతాడు లాగవద్దని, బిడ్డను తల్లి రొమ్ముకు పట్టించమని చెప్పాలి. మాయ పడిన తరువాత రక్తం ఆగకుంటే పొత్తికడుపుమీద గర్భసంచి గట్టిపడేదాకా చేత్తో మర్దించమని చెప్పాలి. 1993లో నా లైను తెగకుండా ఉండి, ఈ మాట నేను చెప్పగలిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆలోచించడం మాత్రం మానలేదు.

ఇక దారుల మాట. ఫోనులో చోటు చూపించే సాంకేతికత వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిదే. అయితే పల్లెలో ఒక్కొక్క టవరు కిలోమీటర్ల కొద్దీ ఆవరిస్తుంది. మామూలు ఫోనునుంచి వచ్చిన కాల్‌లో ఫలానా టవరు పరిధి అని తప్ప ఫలానా ఇల్లు అని తెలియదు. ఇంటి నంబర్లా, మున్సిపాలిటీలోనే వరుసగా ఉండవు. మనవారు చెప్పే గుర్తులు వేరు. రామాలయం వెనుక, వాటర్ ట్యాంకు దాటాక, పాత రైసుమిల్లు సందు. ఈ గుర్తులన్నీ వ్రాసి ఉంచిన పుస్తకం డిస్పాచ్ బల్లమీద ఉండాలి. ఒకే పేరుగల ఊళ్లు విడిగా ఒక పేజీలో ఉండాలి. మన జిల్లాలలో కొత్తపల్లులు, రామాపురాలు, లింగాపురాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారా? ఏ వాగు ఎంత వానకు పొంగుతుందో, ఏ రైల్వే గేటు ఏ రైలుకు ఎంతసేపు మూసుకుంటుందో, ఏ వీధిలోకి పెద్ద బండి తిరగదో ఆ పుస్తకంలో ఉండాలి. కంప్యూటరులో పెట్టుకుంటే మరీ మంచిది. నేను పుస్తకం అంటున్నది నా వయసుకు అలవాటైన మాట.

మరొక పుస్తకమున్నది, దాని ఆయుష్షు ఒక్క రాత్రి. ప్రతి సాయంత్రం ఎనిమిది గంటలకు డిస్పాచరు చుట్టుపక్కల ఆసుపత్రులకు ఫోను చేసి నాలుగు విషయాలు కనుక్కోవాలి. ఈ రాత్రి మత్తుమందు డాక్టరు ఉన్నారా, ఏ గ్రూపుల రక్తం ఉన్నది, వెంటిలేటరు ఖాళీ ఉన్నదా, పాముకాటు మందు ఎన్ని వయల్స్ ఉన్నాయి. పది ఫోన్లు, అరగంట పని. ఈ అరగంట పని లేనందువల్ల ఒక రోగి మూడు ఆసుపత్రుల మెట్లెక్కి నాలుగవదానికి చేరేలోపల ప్రాణం పోయిన సందర్భాలు నేను అవతలి ఒడ్డునుంచి, అంటే ఆ నాలుగవ ఆసుపత్రినుంచి, చాలా చూశాను.

మనుషుల లెక్కకు వస్తే దాతలకు కొంచెం కష్టంగా ఉంటుంది. ఒక్క కుర్చీ ఏడాది పొడుగునా ఖాళీ లేకుండా ఉండాలంటే 8,760 గంటలు. ఒక ఉద్యోగికి వారపు సెలవులు, పండుగలు, జ్వరాలు, శిక్షణ రోజులు తీసివేస్తే ఏడాదికి సుమారు 268 పనిదినాలు, అంటే 2,144 గంటలు. భాగించి చూస్తే నలుగురికి పైనే. భోజన విరామాలు, ఒకరు మరొకరికి అప్పగించే సమయం కలుపుకుంటే నాలుగున్నర. ఒక్క కుర్చీకి! రెండు కుర్చీలంటే తొమ్మండుగురు. అంబులెన్సు ఒకసారి కొంటే వస్తుంది, దానిమీద దాత పేరు వ్రాయించవచ్చు, ముందు కొబ్బరికాయ కొట్టవచ్చు. ఈ తొమ్మండుగురి జీతం నెలనెలా ఇవ్వాలి, దానిమీద ఎవరి పేరూ వ్రాయడానికి చోటుండదు. నేను చూసినంతలో ఇటువంటి స్థానిక ప్రయత్నాలు ఏడాది తిరిగేసరికి ఆగిపోయేది ఇక్కడే. బండ్లు షెడ్డులో ఉంటాయి, రాత్రి ఫోను ఎత్తేవారుండరు. మొదట నలుగురిని పెట్టి, ఇద్దరు మానేస్తే మిగిలిన ఇద్దరిచేత పన్నెండేసి గంటలు చేయించడం, తెల్లవారుజామున మూడు గంటలకు వారు కునికిపాట్లు పడడం, చివరకు వాచ్‌మన్ ఫోను ఎత్తడం. వాచ్‌మన్‌ను నిందించడానికి నాకు నోరు రాదు.

పెట్టేవారిని ఎలా చూసుకోవాలన్నదీ నిర్వహణలో భాగమే. ఫోను ఎత్తే మనిషి ఒక తల్లి కేకలు వింటుంది, లెక్క పెడుతుంది, బండి చేరగానే లైను తెగుతుంది. ఆ బిడ్డ బ్రతికిందో లేదో ఆమెకు ఎవరూ చెప్పరు. వెంటనే మరొక కాల్, తాగుబోతు తిట్లు. ఇలా ఆరు నెలలు గడిస్తే మనసు మొద్దుబారుతుంది, లేదా ఉద్యోగం మానేస్తుంది. ఉద్యోగం చివరి రోజులలో నేనొక అలవాటు చేసుకున్నాను. ఫోనులో చెప్పిన మాటలవల్ల బ్రతికి వచ్చిన రోగి కనిపిస్తే, ఆ రాత్రి ఫోను ఎత్తినవారెవరో కనుక్కొని, వారికి నేనే ఫోను చేసి చెప్పేవాణ్ణి. ఒకమ్మాయి మాట్లాడలేక ఏడ్చేసింది. రెండేళ్ల ఉద్యోగంలో తనకు మొదటిసారి తెలిసిన ఫలితం అదేనన్నది.

రికార్డయిన కాల్స్‌ను వారానికొకసారి ఒక వైద్యుడు కూర్చొని వినాలి. పట్టుకొని దండించడానికి వింటే మరుసటివారం నుంచి ఎవరూ నిజం చెప్పరు. ప్రశ్న ఎక్కడ జారిపోయింది, చిరునామా ఎన్నవ సెకనులో తెలిసింది, మళ్లీ చదివి ధ్రువపరచుకున్నారా, అంతే చూడాలి. మాట్లాడకుండా పెట్టేసిన కాల్స్‌కు తిరిగి ఫోను చేశారా లేదా అన్నదీ చూడాలి. కొంటెపిల్లలు చేసే కాల్స్ చాలా వస్తాయి, నిజమే. వాటి మధ్యనే, దెబ్బలు తింటూ మాట్లాడలేక ఫోను పట్టుకొని నిలబడిన ఆడకూతురి కాల్ కూడా వస్తుంది.

సగటు అనే లెక్కను నమ్మవద్దని కూడా ఆ పెద్దలతో చెప్పాను. పది కాల్స్‌లో ఎనిమిదింటికి బండి 10 నిమిషాలలో, రెండింటికి 55 నిమిషాలలో చేరిందనుకోండి. సగటు 19 నిమిషాలు. నివేదికలో చక్కగా కనిపిస్తుంది. ఆ 55 నిమిషాల ఇళ్లు రెండూ కొండమీద గూడెంలోనివే అయితే, సగటు వారిని దాచివేసింది. పాడేరు, రంపచోడవరం వైపు ఇప్పటికీ డోలీలలో గర్భిణులను మోసుకొని రోడ్డుదాకా తెస్తున్నారు. అక్కడ డిస్పాచరు అడగవలసిన ప్రశ్న 'మీ ఇల్లెక్కడ' కాదు, 'బండి ఎంతవరకు రాగలదు, అక్కడికి మీరెంతసేపటికి దిగగలరు' అన్నది. బండికీ డోలీకీ కలిసే చోటు, కలిసే వేళ కుదర్చడమే అక్కడ వైద్యం.

కరెంటు, ఫోను లైన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో తీరం దాటినప్పుడు అంత నగరంలోనూ కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఆపద పెద్దదైననాడే ఫోను ఉండదు. జనరేటరును నెలకొకసారి నిజంగా కరెంటు ఆపి నడిపి చూడాలి. బండ్లలో వైర్‌లెస్ సెట్లు ఉండాలి. తీర మండలాల సంగతైతే, తుపాను హెచ్చరిక రాగానే ఒక బండిని ముందుగానే అక్కడ నిలిపి ఉంచాలి. ఫోను రాకపోయినా ఊరివారికి అదెక్కడున్నదో తెలిసేటట్లు దండోరా వేయించాలి.

ఇదంతా విని ఆ నలుగురిలో పెద్దాయన, "అయితే బండ్లు వద్దంటారా?" అన్నారు. వద్దనలేదు. ఒక బండి చాలు, దాన్నీ విడిగా నడపకుండా 108 వారితో ఒప్పందం చేసుకొని వారి పరిధిలోనే తిప్పమన్నాను. రెండవదానికి ఇవ్వదలచిన సొమ్ము బ్యాంకులో వేసి దానిమీద వచ్చేదానికి ప్రతియేటా చందా కలిపి, జిల్లా అధికారులు అనుమతిస్తే డిస్పాచ్ బల్లకు స్థానిక యువకులను నియమించమన్నాను. అనుమతి రాకపోతే కనీసం ఆ దారుల పుస్తకం తయారుచేసి అధికారులకు అందజేయమన్నాను. గౌరవాధ్యక్ష పదవి వద్దన్నాను, పుస్తకం పని మాత్రం చేస్తానన్నాను. వారికి పూర్తిగా నచ్చినట్లు లేదు. దాతలతో మాట్లాడి చెబుతామని వెళ్లారు.

లెక్కల మాస్టారు మాత్రం నాలుగు రోజుల తరువాత ఫోను చేశారు. ఆసుపత్రికి నలభై కిలోమీటర్ల వలయంలో ఒకే పేరుగల ఊళ్లు ఆయన ఇప్పటికి పదకొండు జతలు వెదికి తీశారట. ఒక్కొక్కటీ చదివి వినిపిస్తూ పోయారు. ఆరవ జత దగ్గర నేనాయనను ఒక్క నిమిషం ఆగమన్నాను. తూర్పున ఒకటి, పడమట కాలువకు అవతల ఒకటి. మొదటి పేజీలో దాన్నే వ్రాయమన్నాను.